రామప్ప రాళ్లకీ మన స్టేజీకీ మధ్య ఒక మాస్టారు

ఇన్‌స్టాలో పేరిణి అని కొట్టి చూడండి. ఒంటికి విభూది, బిగించి కట్టిన పంచె, కాళ్లకి బరువైన గజ్జెలు, వెనక నుంచి దద్దరిల్లే వాద్యాలు. పది పన్నెండు మంది మోకాళ్లు వంచి ఒకేసారి నేలని కొడితే ఫోన్ స్పీకర్‌లో విన్నా ఒళ్లు జలదరిస్తుంది. కింద క్యాప్షన్ మాత్రం దాదాపు ప్రతిచోటా ఒకటే. కాకతీయుల నాటి యోధుల నాట్యం, 800 ఏళ్ల చరిత్ర. కెమెరా ఎవరిదో ట్యాగ్ చేస్తారు, ఎడిటింగ్ ఎవరిదో చెప్తారు, మేకప్ వాళ్లకి కూడా థ్యాంక్స్ ఉంటుంది. కొరియోగ్రాఫర్ పేరే కనపడదు. అడిగితే, 800 ఏళ్ల పాత డాన్స్‌కి కొరియోగ్రాఫర్ ఏంటి బ్రో అంటారు.

ఉన్నారు. ఆయన పేరు నటరాజ రామకృష్ణ. 1923 మార్చిలో పుట్టి 2011 జూన్‌లో పోయారు. అంటే నేను హైస్కూల్లో ఉన్నప్పటికి ఆయన ఇంకా మన మధ్యే ఉన్నారు. మా స్కూల్ యాన్యువల్ డేలో పేరిణి వేసిన పిల్లలకి గానీ, ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టిన మాకు గానీ ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది రామప్ప గుడిలోంచి నేరుగా స్టేజీ మీదికి నడిచొచ్చింది అనుకున్నాం.

రాయి నడవదు కదా. ఎవరో నడిపించాలి. ఈ వారం కాలమ్ ఆ నడిపించిన పని గురించి.

ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. పుట్టింది ఇండోనేషియాలోని బాలీలో. పేరు ముందున్న 'నటరాజ' తర్వాత వచ్చిన బిరుదు. భరతనాట్యం నేర్చుకున్నది మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర, కూచిపూడి వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి దగ్గర. ఇద్దరూ ఆయా నాట్యాల్లో మహామహులు. ఇవి కాక నాయుడుపేట రాజమ్మ, పెండేల సత్యభామ అనే ఇద్దరు ఆలయ నర్తకుల దగ్గర కూడా శిష్యరికం చేశారు. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, వీళ్ల దగ్గరికి మళ్లీ వస్తాం. హైదరాబాద్‌లో నృత్య నికేతన్ నడిపారు. నాట్యం మీద 40కి పైగా పుస్తకాలు రాశారు. పెళ్లి చేసుకోలేదు. 1992లో పద్మశ్రీ వచ్చింది. వికీపీడియా టైపు వివరాలు ఇంతటితో చాలు. నన్ను పట్టుకున్నది వేరే.

మాది హన్మకొండ. రామప్పకి వెళ్లడం మా ఇళ్లల్లో పెద్ద విశేషమేం కాదు. చుట్టాలొస్తే తీసుకెళ్తాం, అంతే. గైడ్ ఎప్పుడూ చెప్పే మాటలు మాకు కంఠతా వచ్చు. నీళ్లలో తేలే ఇటుకలు, ఇసుక పునాది, ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇదంతా వింటూ అందరం సెల్ఫీలు తీసుకుంటాం.

కిందటేడు మా చిన్నమ్మ కూతురితో వెళ్లాను. తను ఎనిమిదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. బయట మదనికల దగ్గర అందరితో పాటు ఫొటోలు దిగింది. లోపల మండపంలోకి వెళ్లాక మాత్రం ఒక స్తంభం దగ్గర ఆగిపోయింది. అక్కడ చిన్న చిన్న బొమ్మల వరస ఉంటుంది. ఆడేవాళ్లు, పక్కనే మద్దెల వాయించేవాళ్లు. మన అరచేతికి కాస్త అటూ ఇటూ సైజు. తను చుట్టూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, చెప్పులు ఎలాగూ బయటే వదిలాం కాబట్టి, ఆ బొమ్మలో ఉన్నట్టు నిలబడి చూసింది. ఒక మోకాలు బాగా వంగి ఉంది. రెండో కాలు నేల మీంచి లేచి ఉంది. నడుము ఒక పక్కకి తిరిగింది. రెండు సెకన్లు నిలబడి, తూలి, మళ్లీ నిలబడింది.

"అన్నా, ఇండ్లకు వొచ్చుడు కష్టం గాదు. ఇండ్లకెళ్లి బయటకెట్ల పోవాలె?" అంది.

నేను మామూలుగా మర్చిపోయేవాణ్నే. కానీ అది మా ఆఫీసులో రోజూ వినే ప్రశ్న.

నా ఉద్యోగం ఏంటంటే, పదిహేనేళ్ల కిందట ఎవరో రాసిన సిస్టమ్‌ని బతికించడం. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. డాక్యుమెంట్లు సగం ఉన్నాయి, ఉన్నవాటిలో సగం తప్పు. మా చేతిలో ఉండేవి లాగ్స్ మాత్రమే. ఫలానా టైముకి సిస్టమ్ ఫలానా స్థితిలో ఉంది అని చెప్పే ముక్కలు. ఆ స్థితికి ఎలా వచ్చింది, అక్కణ్నుంచి ఎటు వెళ్లింది అన్నది మనమే ఊహించి, కట్టి, నడిపి చూడాలి. కొత్తగా రాయడం దీనికంటే చాలా తేలిక అని ఈ పని చేసినవాళ్లెవరైనా చెప్తారు.

రామప్ప శిల్పం కూడా ఒక లాగ్ లాంటిదే. నాట్యం ఆగిపోయిన ఒక్క క్షణం అందులో ఉంది. లేచిన ఆ కాలు పైకి వెళ్తోందా, కిందికి దిగుతోందా? బరువు మడమ మీదుందా, మునివేళ్ల మీదుందా? దీని ముందు ఎన్ని అడుగులు పడ్డాయి? తాళం ఏంటి, వేగం ఎంత? పక్కన మద్దెల వాయించేవాణ్ని చెక్కిన శిల్పికి అదంతా కళ్ల ముందు కనిపించి ఉంటుంది, చెవుల్లో వినిపించి ఉంటుంది. మనకి దక్కింది ఒక్క ఫ్రేము. సినిమా అయితే సెకనుకి 24 ఫ్రేములు. మొత్తం సినిమా పోయి పాతికో యాభైయో స్టిల్స్ మిగిలితే, వాటిని పెట్టుకుని మళ్లీ సినిమా తీయమంటే ఎలా ఉంటుంది? ఆయన ముందున్న పని అది.

రెండో ఆధారం ఒక పుస్తకం. జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి. జాయప గణపతిదేవుడి బావమరిది, కాకతీయుల గజసైన్యానికి అధిపతి. పగలంతా ఏనుగుల లెక్కలు, యుద్ధాల గోల. అలాంటి మనిషి 1253-54 ప్రాంతంలో నాట్యం మీద సంస్కృతంలో 8 అధ్యాయాల గ్రంథం పూర్తి చేశాడు. అందులో నాలుగు శాస్త్రీయమైన మార్గ పద్ధతికి, నాలుగు అప్పుడు జనంలో ఆడుతున్న దేశి పద్ధతులకి. సగం పుస్తకం జనం ఆటలకి ఇవ్వడం నాకు భలే నచ్చింది. పని ఒత్తిడి వల్ల హాబీలకి టైము దొరకట్లేదు అని నేను ఇంకెప్పుడూ అనదలుచుకోలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఈ గ్రంథాన్ని తెలుగు చేశారు కాబట్టి సంస్కృతం రాకపోయినా చదువుకోవచ్చు.

పేరణి గురించి జాయప రాశాడు. అతనికి కొంచెం ముందు, దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలోనూ రాశాడు. ఆ వర్ణన చదివితే నేటి రీల్స్ చూసే మనకి చిన్న షాక్ తగులుతుంది. ఒళ్లంతా తెల్లగా భస్మం, గుండు మీద పిలక, పిక్కలకి గజ్జెలు. ఇంతవరకు ఓకే. తర్వాత, ఈ నర్తకుడికి ఐదు విద్యలు రావాలంటాడు. ఘర్ఘరం అంటే గజ్జెల శబ్దాన్ని రకరకాలుగా పలికించడం. విషమం అంటే ఎగిరి దూకే కష్టమైన విన్యాసాలు. భావాశ్రయం అంటే వికృతంగా అనుకరించి నవ్వించడం. కవిచారకం అంటే నాయకుణ్ని పొగడడం. ఐదోది గీతం. అంటే గజ్జెల మీద పట్టు, జిమ్నాస్టిక్స్, మిమిక్రీ, పొగడ్త, పాట. ఒక మనిషిలో ఇవన్నీ ఉండాలి. ఇది చదివితే నాకు కళ్ల ముందు కనపడింది కత్తి పట్టిన సైనికుడు కాదు, జనాన్ని గంటసేపు కదలకుండా కూర్చోబెట్టగల గడుసు కళాకారుడు.

మరి యుద్ధానికి ముందు యోధులు శివుణ్ని తమలోకి ఆవాహన చేసుకుంటూ ఆడే తాండవం? వీరం, రౌద్రం నిండిన ఆ రూపం? మనం ఇవాళ చూస్తున్న పేరిణి శివతాండవానికి ఆ ఊపిరి పోసింది నటరాజ రామకృష్ణ గారే అని నా నమ్మకం. పాత గ్రంథాల్లో ఉన్న ఐదింటిలో కొన్నిటిని ఆయన పెంచారు, కొన్నిటిని పక్కన పెట్టారు. కాకతీయుల శైవాన్ని, వాళ్ల యుద్ధాలని, రామప్ప స్తంభాల మీది ఆ వంగిన మోకాళ్లనీ ఒకచోటికి తెచ్చి, దీని ప్రాణం ఇక్కడుంది అని నిర్ణయించారు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని నిర్ణయించేవాణ్నే కదా మనం కొరియోగ్రాఫర్ అంటాం.

ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది. అంటే పేరిణి ప్రాచీనం కాదంటావా, ఫేక్ అంటావా అని. ఫేక్ అనే మాట ఇక్కడ అసలు పనికిరాదు. ఒడిస్సీ సంగతే తీసుకోండి. 1950ల చివర్లో కటక్‌లో కేలూచరణ్ మహాపాత్ర, పంకజ్ చరణ్ దాస్, దేవప్రసాద్ దాస్ లాంటి గురువులు జయంతిక పేరుతో కూర్చుని, ఎవరి దగ్గరున్నది వాళ్లు బయటపెట్టి, వాదించుకుని, దానికి ఇప్పటి రూపం ఇచ్చారు. ఆలయ శిల్పాలు వాళ్లకీ ఒక ఆధారమే. ఒడిస్సీని ఎవరూ ఫేక్ అనరు. ఆ గురువుల పేర్లు మాత్రం ఒడిశాలో డాన్స్ నేర్చుకునే పిల్లలకి తెలుసు. తేడా అక్కడుంది.

శిల్పాన్ని కదిలించడం ఎంత చిక్కో తమిళనాడు చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. నాట్యశాస్త్రంలో 108 కరణాలున్నాయి. చిదంబరం గోపురాల్లో వాటిని శ్లోకాలతో సహా చెక్కారు, అంటే బొమ్మ కిందే కామెంట్ ఉన్న కోడ్ అన్నమాట. తంజావూరు పెద్దగుడిలో 81 దగ్గర చెక్కడం ఆగిపోయింది, మిగతా రాళ్లు ఖాళీ. అంత స్పష్టమైన ఆధారం ఉన్నచోట కూడా, కరణం అంటే ఒక భంగిమా లేక ఒక కదలికా అని పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అది కదలికే అని చూపించడానికి పద్మా సుబ్రహ్మణ్యం పీహెచ్‌డీ చేసి, తన శరీరంతో ఆడి చూపించాల్సొచ్చింది. పేపర్ మీద తేలే విషయం కాదది.

అందుకే రాయి, పుస్తకం రెండూ ఉన్నా సరిపోదు. మూడోది కావాలి. ఒళ్లు. నాట్యాన్ని ఎముకల్లో దాచుకున్న మనిషి కావాలి.

ఇప్పుడు రాజమ్మ, సత్యభామల దగ్గరికి వద్దాం.

తెలుగునేల మీద గుళ్లలో, ఆస్థానాల్లో తరతరాలుగా ఆడినవాళ్లు ఆడవాళ్లు. దేవదాసీలన్నారు, కళావంతులన్నారు. పరువున్నప్పుడు మాన్యాలిచ్చారు, పరువు పోయాక మనం ఇప్పటికీ తిట్టుగా వాడే మాటలు అన్నారు. 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ ప్రభుత్వం కిందే ఉండేవి. గుడికి ఆడపిల్లల్ని అంకితం ఇవ్వడాన్ని ఆ చట్టం ఆపింది. అది ఆగాల్సిందే, అందులో రెండో మాట లేదు. పసిపిల్లల జీవితాలతో ఆడుకున్న పద్ధతి అది, ముత్తులక్ష్మీ రెడ్డి లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. అయితే అదే చట్టం ఇంకో పని కూడా చేసింది. గుడి ఆవరణలో, దేవుడి ఊరేగింపులో ఆడది నాట్యం చేయడమే చట్టవిరుద్ధం అంది. దురాచారంతో పాటు డాన్స్ కూడా నేరమైపోయింది. గజ్జెలు అటకెక్కాయి. కూతుళ్లకి నేర్పడం మానేశారు. పక్కింటివాళ్లకి తెలియకూడదని, నేర్చుకున్న సంగతే దాచుకున్నారు.

ఒకసారి ఈ లెక్క చూడండి. గుడిగోడ మీద నాట్యం చేస్తున్న రాతిమనిషిని చూడ్డానికి టికెట్టు కొనుక్కుని వెళ్తాం, ఎంత అందమో అంటాం, వాట్సాప్ డీపీ పెట్టుకుంటాం. అదే నాట్యాన్ని ఒంట్లో మోసిన బతికున్న మనిషిని చూసి తలుపులేసుకున్నాం. మదనికకి యునెస్కో సర్టిఫికెట్టు. రాజమ్మ పేరు గూగుల్ చేస్తే నాలుగు లైన్లు.

నటరాజ రామకృష్ణ గారు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దది ఇదే అనిపిస్తుంది, పేరిణి కంటే కూడా. మంచి కుటుంబాలవాళ్లు ఆ ఇళ్ల వైపు చూడ్డానికి జంకే రోజుల్లో ఆయన వెళ్లి కింద కూర్చుని నేర్చుకున్నారు. గురువులు అని పిలిచారు. వాళ్ల దగ్గరున్నది ఏదో మిగిలిపోయిన ముక్క కాదని, మొత్తంగా ఒక పద్ధతి అని చూపించారు. గుడిలో దేవుడి ముందు చేసే ఆగమ నర్తనం, రాజాస్థానంలో, కచేరీల్లో చేసే ఆస్థాన నర్తనం, జనం ముందు కథగా ఆడే ప్రబంధ నర్తనం అని మూడు వరసల్లో సర్దారు. 1970లో హైదరాబాద్‌లో అభినయ సదస్సు పెట్టి కళావంతుల్ని స్టేజీ ఎక్కించారు. ఎన్నో ఏళ్లుగా దాచుకున్న అభినయాన్ని నలుగురి ముందు చేయమన్నారు. ఆ ధారకే ఆంధ్రనాట్యం అనే పేరు నిలబడింది. పిఠాపురం వైపు తొమ్మిది రాత్రులు ఆడే నవజనార్దన పారిజాతం కూడా ఇందులోదే. ఆయన శిష్యుడు కళాకృష్ణ దాన్ని స్త్రీవేషంలో ఆడి ఇంకో తరానికి అందించారు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది, దాన్ని దాటేసి పోవడం నాకు ఇష్టం లేదు. ఆడవాళ్ల దగ్గరి విద్యని ఒక మగ గురువు తీసుకుని, పేరు పెట్టి, సర్ది, స్టేజీ ఎక్కిస్తే క్రెడిట్ ఎవరిది? ఆంధ్రనాట్యం అనగానే ఆయన పేరొస్తుంది, ఆ ఆడవాళ్ల పేర్లు చాలావరకు రావు. దేశంలో మిగతా చోట్ల ఇంతకంటే ఘోరంగా జరిగింది. ఆలయ నర్తకుల నాట్యాన్ని తీసుకుని, కడిగి, పేరు మార్చి, వాళ్లని మాత్రం గుమ్మం బయటే ఉంచిన కథలున్నాయి. ఆయన గురువుల పేర్లు దాచలేదు, వాళ్లని వేదిక మీదికి తెచ్చారు. నా లెక్కలో అది చిన్న విషయం కాదు. అయినా ప్రశ్న పూర్తిగా పోదు. పేరిణి రీల్‌కి ఆయన పేరు పెట్టాలని నేను అడుగుతున్నాను కాబట్టి, అదే నోటితో రాజమ్మ పేరు కూడా అడగాలి.

రాయి, పుస్తకం, మనుషులు, మూడూ చేతిలో ఉన్నాక అసలు పని మొదలవుతుంది. అది ఎంత బోరింగ్‌గా ఉండి ఉంటుందో ఊహించండి. సినిమాల్లో అయితే హీరో గుళ్లో శిల్పం చూస్తాడు, గాలి వీస్తుంది, దీపాలు వెలుగుతాయి, పాట వచ్చేస్తుంది. నిజంగా అయితే ఒక భంగిమ తీసుకుని, దానికి ముందు ఏముండొచ్చో పదిరకాలుగా వేసి చూడాలి. తాళంలో పడదు. పడితే శరీరం ఒప్పుకోదు. శరీరం ఒప్పుకుంటే గ్రంథంలో ఉన్నదానికి దూరంగా పోతుంది. మళ్లీ మొదటికి. ఇలా ఒక్కో అడుగూ కట్టాలి, కట్టినదాన్ని కుర్రాళ్లకి నేర్పాలి, వాళ్ల కాళ్లు చెప్పేది విని మార్చాలి. నెలల పని కాదు, ఏళ్ల పని. ఇలా కట్టిన పేరిణి 1985 శివరాత్రికి రామప్ప గుడి దగ్గరే భారీ ప్రదర్శనగా వెలిసింది. తిరనాళ్లకి వచ్చినట్టు జనం వచ్చారు. అప్పటికి ఆయనకి 62 ఏళ్లు నిండవస్తున్నాయి. మన ఇళ్లల్లో ఆ వయసువాళ్లకి రిటైర్మెంట్ తర్వాత మోకాళ్ల నొప్పుల డాక్టర్ల గురించి చెప్తుంటాం.

అంకితభావం అనే మాట మనం చాలా చవకగా వాడేస్తాం. వీకెండ్ కూడా పనిచేస్తే డెడికేషన్ అని మేనేజర్ మెయిల్ పెడతాడు. నాకు ఆయన జీవితంలో కనపడింది ఇంకో రకం. ఫలితం వస్తుందో రాదో, వచ్చినా ఇదే సరైనది అని చెప్పేవాళ్లు ఒక్కరూ ఉండరు అని తెలిసి కూడా చేయడం. ఆలోచించండి. మనం కోడ్ రాస్తే టెస్ట్ పాస్ అవుతుంది, లేదా ఫెయిల్ అవుతుంది. ఆయన కట్టిన అడుగు కరెక్టో కాదో చెప్పడానికి 13వ శతాబ్దం నుంచి ఎవరూ లేచి రారు. ఆన్సర్ కీ లేని పరీక్ష. రామప్పలో ఆడినవాళ్లు చూస్తే, ఇదేంటి మా ఆటని ఇలా చేశావు అని నవ్వేవాళ్లేమో కూడా. ఆ అనుమానం పక్కన పెట్టుకునే, దీన్ని ఇలాగే ఆడాలి అని పిల్లలకి నమ్మకంగా చెప్పగలగాలి. అనుమానం ఎక్కువైతే డాన్స్ కట్టలేరు, తక్కువైతే ఏదో ఒకటి కట్టేస్తారు. ఆ మధ్యలో నిలబడడమే కష్టం.

ఇప్పుడు మీలో కొందరికి వచ్చే డౌటు నాకు తెలుసు, మా టీమ్‌లో కుర్రాడు కూడా అదే అన్నాడు. రామప్ప ఫొటోలన్నీ ఏఐకి ఇస్తే రెండు నిమిషాల్లో డాన్స్ వీడియో ఇచ్చేస్తుంది కదా అన్నా, ఇంత కష్టమెందుకు అని. ఇస్తుంది, నిజమే. చూడ్డానికి బాగానే ఉంటుంది కూడా. శిల్పంలో మోచేయి ఎక్కడ, మోకాలు ఎక్కడ అని చుక్కలు పెట్టి, ఒక భంగిమ నుంచి ఇంకోదానికి నున్నగా గీత గీసేస్తుంది. కానీ మనిషి అలా నున్నగా కదలడు. కాలు ఎత్తే ముందు బరువు ఇంకో కాలి మీదికి వెళ్లాలి, ఊపిరి ఆగాలి, పక్కన మద్దెల కొట్టేవాడి చేతికోసం అర క్షణం ఎదురుచూడాలి. మా చెల్లి తూలింది చూశారా, ఏఐ తూలదు. తూలకపోతే ఆ భంగిమలోంచి బయటికి దారి ఎటుందో దానికి ఎప్పటికీ తెలీదు. ఫొటోల్లో లేని సంగతి అది, తూలే ఒంట్లోనే ఉంటుంది. పైగా రాజమ్మ ఇంటి గడప దగ్గర కూర్చుని నేర్చుకునే పని ఏ మోడలూ చేయదు.

పేరిణి ఇప్పుడు ఆయన చేతుల్లోంచి కూడా జారి ముందుకెళ్లింది. అప్పట్లో మగవాళ్ల నాట్యంగా కట్టిన దానికి పక్కనే ఆడవాళ్లు ఆడే పేరిణి లాస్యం వచ్చింది. తెలంగాణ వచ్చాక ప్రభుత్వ వేడుకల్లో పేరిణి లేని స్టేజీ అరుదు. శిష్యుల శిష్యులు నేర్పుతున్నారు. ఊరికో రకంగా అడుగు మారుతోంది, కొన్నిచోట్ల రీల్ నిడివికి సరిపోయేలా స్పీడు పెరుగుతోంది. కొందరు దాన్ని చెడగొట్టడం అంటున్నారు. నాకైతే ఆయన చేసినదాని కొనసాగింపులాగే ఉంది, ఒక్క షరతు మీద. ఆయన మార్చినప్పుడు చేతిలో గ్రంథం ఉంది, ముందు గురువు ఉంది. మార్చేముందు ఏది మారుస్తున్నామో తెలుసు. 15 సెకన్ల కోసం మార్చేవాళ్లలో ఎంతమంది ఒక్కసారైనా ఆ స్తంభం ముందు ఒంటికాలి మీద నిలబడ్డారో నాకు అనుమానమే.

మా చెల్లి మొన్న ఫోన్ చేసింది. కూచిపూడి క్లాసు మానకుండానే పేరిణి లాస్యం నేర్చుకుంటానంటోంది. చిన్నమ్మ, రెండిటికీ టైమెక్కడిదే, బీటెక్ థర్డ్ ఇయర్ అని తిడుతోందట. నన్ను సపోర్ట్ చేయమంది. ఏనుగుల సైన్యం చూసుకుంటూ 8 అధ్యాయాలు రాసిన జాయప గురించి చిన్నమ్మకి చెప్పాను. "ఆయనకి బ్యాక్‌లాగ్స్ లెవ్వు బిడ్డా" అంది.